ఫ్రాజైల్ ఎక్స్ వాహకుల్లో సూక్ష్మ గ్రహణ లోపాలు

ఎక్స్ క్రోమోజోము మీది ఎఫ్ఎంఆర్1 జన్యువులో ప్రీమ్యుటేషన్ అనే మధ్యస్థ మార్పు ఉన్నవారిని ఫ్రాజైల్ ఎక్స్ వాహకులంటారు. వీరిలో కొందరికి ఏకాగ్రత, తాత్కాలిక జ్ఞాపకం, లెక్కలు, పనులను వరుసలో పెట్టుకోవడం, మాటల ధార వంటి విషయాల్లో స్వల్ప ఇబ్బందులు ఉంటాయి. వాటినే సూక్ష్మ గ్రహణ లోపాలుగా పరిగణిస్తారు. వాహకుల సగటు తెలివితేటలు సాధారణ పరిధిలోనే ఉంటాయి. చదువుకుంటారు, ఉద్యోగాలు చేస్తారు, సేద్యం, వ్యాపారం, సంసారం నడుపుకుంటారు. అందుకే చాలాకాలం వీరిని ఫ్రాజైల్ ఎక్స్ సిండ్రోమ్ అనే జబ్బును తర్వాతి తరానికి అందించేవారిగా మాత్రమే చూశారు. వారికీ ఆరోగ్య సమస్యలుంటాయన్న అవగాహన 1990ల తర్వాతే బలపడింది.

ఒక్క మనిషిని పరీక్షించి ఈ లోపాల మూలాన్ని పట్టుకోవడం కష్టం. వణుకుడు ఉన్న తాత నరాల డాక్టరు దగ్గరికి వెళతాడు. ముప్పై ఏడేళ్లకే ముట్లు ఆగిపోయిన కూతురు స్త్రీల వైద్యురాలి దగ్గరికి వెళుతుంది. మాటలు ఆలస్యమైన మనవడు బడి ద్వారానో పిల్లల డాక్టరు ద్వారానో గుర్తింపులోకి వస్తాడు. ముగ్గురి చీటీలూ ఒకచోట చేర్చి వంశవృక్షం గీస్తేనే వాటన్నిటి వెనుక ఉన్నది ఒకే జన్యువన్న సంగతి బయటపడుతుంది. కడప జిల్లాలోని పెండ్లిమర్రి, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల వంటి ప్రాంతాల్లో మూడు తరాలవాళ్లు దగ్గర దగ్గర ఊళ్లలోనే ఉండడం, బంధుత్వాలు అందరికీ కంఠతా ఉండడం సాధారణం. ఆ వంశవృక్షం గీయడం ఇక్కడ సులువు.

జన్యు నిర్వచనం

ఎఫ్ఎంఆర్1 జన్యువు ఎక్స్ క్రోమోజోము పొడవాటి భుజం చివర, ఎక్స్‌క్యూ27.3 అనే స్థానంలో ఉంటుంది. దాని ఆరంభంలో సీజీజీ అనే మూడక్షరాల డీఎన్ఏ వరుస పదే పదే వస్తుంది. ఎన్నిసార్లు వస్తుందనే దాన్నిబట్టి నాలుగు స్థితులు గుర్తిస్తారు. 44 దాకా సాధారణం. ఎక్కువ మందిలో ఈ సంఖ్య 29 లేదా 30. 45 నుంచి 54 వరకు సరిహద్దు స్థితి. 55 నుంచి 200 వరకు ప్రీమ్యుటేషన్. 200 దాటితే పూర్తి మ్యుటేషన్.

పూర్తి మ్యుటేషన్‌లో జన్యువు మీద మిథైల్ గుంపులు చేరి అది మూతపడుతుంది. ఎఫ్ఎంఆర్‌పీ అనే ప్రోటీను తయారుకాదు. నాడీకణాల మధ్య సంధుల ఎదుగుదలను నియంత్రించే ప్రోటీను ఇదే కాబట్టి అది లేనప్పుడు ఫ్రాజైల్ ఎక్స్ సిండ్రోమ్ వస్తుంది. వంశపారంపర్యంగా వచ్చే మేధో వైకల్యానికి ఇది ప్రధాన కారణాల్లో ఒకటి. ఆటిజానికి తెలిసిన ఏకజన్యు కారణాల్లో దీనిదే ముందు స్థానం. మగపిల్లల్లో తీవ్రత ఎక్కువ. ఆడపిల్లలకు రెండో ఎక్స్ కొంత రక్షణనిస్తుంది.

ప్రీమ్యుటేషన్‌లో జన్యువు మూతపడదు, ప్రోటీను తయారవుతూనే ఉంటుంది. వాహకుల ఇబ్బందులకు కారణం వేరే చోట ఉంది. (చూడండి: కణస్థాయిలో జరిగేది.)

అధ్యయన చరిత్ర

1943లో బ్రిటన్‌కు చెందిన జేమ్స్ పర్డన్ మార్టిన్, జూలియా బెల్ ఒక కుటుంబ వృత్తాంతం ప్రచురించారు. రెండు తరాల్లో 11 మంది మగవాళ్లకు మేధో వైకల్యం ఉంది. వారి తల్లులు మామూలుగానే ఉన్నారు. లోపం తల్లివైపు నుంచి ఎక్స్ క్రోమోజోము ద్వారా వస్తోందని చూపిన తొలి వృత్తాంతాల్లో ఇది ముఖ్యమైనది. 1969లో అమెరికాలో హెర్బర్ట్ లబ్స్ ఇలాంటి మరో కుటుంబంలో ఎక్స్ క్రోమోజోము చివర తెగినట్టు కనిపించే సన్నని చోటును సూక్ష్మదర్శినిలో గుర్తించారు. ఫోలిక్ ఆమ్లం తక్కువగా ఉన్న ద్రావణంలో కణాలను పెంచితేనే ఆ చోటు కనిపిస్తుందని 1977లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్త గ్రాంట్ సదర్లాండ్ తేల్చారు. అప్పటినుంచి అది రోగనిర్ధారణ పరీక్షగా మారింది.

ఈ పరీక్ష వాహకులను సరిగా పట్టలేకపోయింది. పైగా మరో చిక్కు తలెత్తింది. కొన్ని కుటుంబాల్లో ఏ లోపమూ లేని పురుషుడు తన కూతుళ్లకు ఏదో అందిస్తున్నాడు. కూతుళ్లు బాగానే ఉంటున్నారు, వాళ్ల కొడుకులకు మాత్రం జబ్బు వస్తోంది. తరం దిగేకొద్దీ ముప్పు పెరుగుతోంది. స్టెఫనీ షెర్మన్ బృందం 1985 నాటికి లెక్కలతో చూపిన ఈ వైచిత్రిని షెర్మన్ విరోధాభాసం అంటారు. 1991లో జన్యువు దొరకడంతో ఇది విడిపోయింది. సీజీజీ వరుస తల్లి నుంచి బిడ్డకు వచ్చేటప్పుడు పొడవు పెరుగుతుంది, ఆ పెరుగుదల తరాలవారీగా సాగుతుంది.

వాహకుల ఆరోగ్యం మీద దృష్టి పడింది కూడా ఆ రోజుల్లోనే. వాహక స్త్రీలలో బహిష్టులు తొందరగా ఆగిపోతున్నాయని 1991లో గమనించారు. 2001లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, డేవిస్‌లోని రాండీ హాగర్‌మన్, పాల్ హాగర్‌మన్ బృందం ఐదుగురు వృద్ధ వాహకుల గురించి రాసింది. చేతుల వణుకు, నడకలో తూలుడు, గ్రహణశక్తి తగ్గుదల వారి లక్షణాలు. బిడ్డల చికిత్స కోసం వచ్చిన తల్లులు తమ తండ్రుల వణుకు గురించి చెప్పడమే ఈ పరిశోధనకు దారితీసింది. 2018లో వాహకుల్లో కనిపించే ఆందోళన, కుంగుబాటు, నిద్రలేమి వంటి వాటన్నిటినీ కలిపి ఎఫ్ఎక్స్ఏఎన్‌డీ అనే పేరు ప్రతిపాదించారు.

కణస్థాయిలో జరిగేది

ప్రీమ్యుటేషన్ ఉన్న కణాల్లో ఎఫ్ఎంఆర్1 ఆర్ఎన్ఏ మామూలు కంటే 2 నుంచి 8 రెట్లు ఎక్కువగా తయారవుతుంది. సీజీజీ వరుసలు పెరిగేకొద్దీ ఆర్ఎన్ఏ ఎక్కువవుతుంది. దాన్ని చదివి ప్రోటీనుగా మార్చే పని మాత్రం మందగిస్తుంది. కాబట్టి సీజీజీ సంఖ్య ఎక్కువగా ఉన్న వాహకుల్లో ప్రోటీను కొంత తగ్గుతుంది.

పోగుపడిన ఆర్ఎన్ఏ నాడీకణానికి రెండు విధాలుగా హాని చేస్తుందని భావిస్తున్నారు. కణానికి అవసరమైన కొన్ని ప్రోటీన్లను అది తనకు అతికించుకుని వాటి పనికి దూరం చేస్తుంది. సాధారణంగా ప్రోటీనుగా మారకూడని సీజీజీ భాగం నుంచి ఎఫ్ఎంఆర్ పాలీజీ అనే అసహజ ప్రోటీను పుడుతుందని 2013లో చూపించారు. మరణానంతర పరీక్షల్లో నాడీకణాల కేంద్రకాల్లో కనిపించే గుండ్రని పేరుకుపోయిన పదార్థంలో ఈ ప్రోటీను ఉంటుంది. మైటోకాండ్రియాల పనితీరులోనూ మార్పులు గమనించారు.

స్త్రీ శరీరంలో ప్రతి కణమూ రెండు ఎక్స్ క్రోమోజోముల్లో ఒకదాన్ని నిద్రపుచ్చుతుంది. ఏది నిద్రపోతుందన్నది ఎక్కువగా యాదృచ్ఛికం. ప్రీమ్యుటేషన్ ఉన్న ఎక్స్ ఎక్కువ కణాల్లో మేల్కొని ఉంటే లక్షణాలు బలపడవచ్చు. ఒకే సీజీజీ సంఖ్య ఉన్న అక్కచెల్లెళ్లలో ఒకరికి ఇబ్బందులు రావడానికి, మరొకరికి రాకపోవడానికి ఇది ఒక కారణం.

గ్రహణ లోపాల స్వరూపం

అధ్యయనాల్లో ఎక్కువగా బయటపడేది కార్యనిర్వహణ సామర్థ్యంలోని లోటు. ఒక పని మొదలుపెట్టి, మధ్యలో అడ్డం వచ్చిన దాన్ని పక్కనపెట్టి, ఎక్కడ ఆపామో గుర్తుంచుకుని ముగించే శక్తి ఇది. పరీక్షలో దీన్ని కొలిచే తీరు సాదాసీదాగా ఉంటుంది. అంకెల వరుస చదివి వినిపించి వెనకనుంచి చెప్పమంటారు. వందలోంచి ఏడు చొప్పున తీసేస్తూ పొమ్మంటారు: 93, 86, 79. ఎరుపు సిరాతో రాసిన ‘నీలం’ అనే మాటను చూపించి, మాటను చదవకుండా సిరా రంగు చెప్పమంటారు. వాహకుల్లో కొందరు ఇవన్నీ చేస్తారు కానీ ఆలస్యమవుతుంది, లేదా మధ్యలో తెగుతుంది.

నిత్యజీవితంలో ఇది ఎలా ఉంటుందో చూపడానికి పొదుపు సంఘం సమావేశం తగిన సందర్భం. పది మంది సభ్యులు. ఒకరు రెండు కంతులు కలిపి కడతారు, ఇంకొకరు వడ్డీ మాత్రమే ఇస్తారు, మూడో ఆమె పోయిన నెల కట్టింది రాశారా లేదా అని అడుగుతుంది. అప్పుడే ఫోన్ మోగుతుంది. సంఘం లీడరు ఇవన్నీ ఒకేసారి మనసులో నిలుపుకుని పుస్తకంలో రాయాలి. కూడికలు, తీసివేతలు బాగా వచ్చిన వాహక స్త్రీకి కూడా ఇక్కడ వరుస తప్పవచ్చు. ఇంటికి వెళ్లి ప్రశాంతంగా కూర్చుంటే అదే లెక్క సరిగా వేస్తుంది. చుట్టూ ఉన్నవాళ్లకు ఇది నిర్లక్ష్యంగా, పరధ్యానంగా కనిపిస్తుంది. తనకు తాను మతిమరుపు మనిషినని అనుకుంటుంది. తెలివితేటల పరీక్షలో ఆమెకు వచ్చే మార్కు ఈ తేడాను చూపదు. అందుకే వాహకుల విషయంలో మొత్తం తెలివితేటల సంఖ్య కంటే విడివిడి సామర్థ్యాల పరీక్షలకే విలువ ఎక్కువ.

లెక్కలు. వాహక స్త్రీలలో గణితం బలహీనంగా ఉండే అవకాశాన్ని 2006 నుంచి అధ్యయనాలు నమోదు చేశాయి. ఏది ఎక్కువ, ఏది తక్కువ అని పరిమాణాలను చటుక్కున పోల్చడంలో, స్థలం, దూరం అంచనాలో కూడా స్వల్ప తేడాలు కనిపించాయి. చదువులో మిగతా సబ్జెక్టులు బాగా వచ్చి లెక్కలు మాత్రం తలకెక్కకపోవడం చాలా మంది విద్యార్థులకు ఉండేదే. ఒక్క ఈ లక్షణంతో ఎవరినీ వాహకులుగా అనుమానించకూడదు.

మాట. కొందరు వాహకుల సంభాషణలో మాట తడుముకోవడం, వాక్యం మధ్యలో ఆగి మళ్లీ మొదలుపెట్టడం ఎక్కువని అమెరికా పరిశోధనలు చెప్పాయి. పదసంపద, వ్యాకరణం బాగానే ఉంటాయి. ఎదుటివారి సంకేతాలను అందుకుని సంభాషణ నడపడంలో ఇబ్బంది కొందరిలో ఉంటుంది.

నడక, లెక్క కలిసినప్పుడు. ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ పరిశోధకులు వాహక స్త్రీలను ఒకేసారి రెండు పనులు చేయమని పరీక్షించారు. నిలబడడం, నడవడం వంటి శరీరపు పనికి మానసికమైన లెక్కను జతచేసినప్పుడు, ఏ నాడీ జబ్బూ బయటపడని స్త్రీలలో సైతం ఊగిసలాట పెరిగింది. చిన్నమెదడుకు, ముందరి మెదడుకు ఉన్న లంకె ఇందులో పనిచేస్తోందని వారి వివరణ.

ఏకాగ్రత, ఆందోళన. వాహక బాలురలో ఏకాగ్రత లోపం, ఆటిజం పోలికలు ఇతర పిల్లలకంటే ఎక్కువగా కనిపిస్తాయి. పెద్దల్లో ఆందోళన, కుంగుబాటు ముఖ్యం. ఆందోళన ఏకాగ్రతను తినేస్తుంది కాబట్టి గ్రహణ లోపమూ మానసిక లక్షణమూ ఎక్కడ వేరవుతాయో చెప్పడం కష్టం.

సీజీజీ సంఖ్య పెరిగేకొద్దీ ఈ ఇబ్బందులు సూటిగా పెరగవు. కొన్ని లక్షణాలు మధ్య పరిధిలో, అంటే 80కీ 100కీ అటూ ఇటూ ఉన్నవారిలో ఎక్కువ. అండాశయ సమస్య విషయంలో ఈ ధోరణి మరింత స్పష్టం.

పరిశోధకుల మధ్య భేదాభిప్రాయాలు

వాహకుల గ్రహణశక్తి మీద వెలువడిన ఫలితాలు ఒకే మాట చెప్పవు. కొన్ని అధ్యయనాల్లో లోపం స్పష్టంగా ఉంది. మరికొన్నింటిలో, ముఖ్యంగా యువ వాహకులను వయసు, చదువు సమానంగా ఉన్న ఇతరులతో పోల్చినప్పుడు, తేడా దాదాపు లేదు. దీనికి ప్రధాన కారణం వాహకులు దొరికే దారి. పూర్తి మ్యుటేషన్ ఉన్న బిడ్డకు జబ్బు నిర్ధారణ అయ్యాకే తల్లికి పరీక్ష చేస్తారు. అప్పటికి ఆమె ఏళ్ల తరబడి నిద్రలేని రాత్రులు గడిపి ఉంటుంది. మాటరాని బిడ్డను ఆసుపత్రుల చుట్టూ తిప్పి, బంధువుల మాటలు పడి ఉంటుంది. ఈ స్థితిలో ఎవరి జ్ఞాపకశక్తి అయినా దెబ్బతింటుంది. జన్యువు పాత్ర ఎంత, బతుకు భారం పాత్ర ఎంత అని విడదీయడం ఆ తల్లుల సమూహంతో సాధ్యం కాదు.

అధ్యయనాల్లోని ఈ లోపాన్ని సవరించే ప్రయత్నంగా 2019లో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో వచ్చిన అధ్యయనం ప్రత్యేకమైనది. దాదాపు 20 వేల మంది సాధారణ ప్రజల జన్యు నమూనాల్లోంచి వాహకులను గుర్తించి, వారి పాత వైద్య రికార్డులను కంప్యూటరు పద్ధతులతో విశ్లేషించారు. తాము వాహకులమన్న సంగతి వారికీ, వారి డాక్టర్లకూ తెలియదు. అయినా వాహకుల రికార్డులు మిగతావారి రికార్డులకు భిన్నంగా ఉన్నాయి. వాహకస్థితి ప్రభావం కేవలం బిడ్డ పెంపకం ఒత్తిడి వల్ల వచ్చింది కాదని ఇది బలంగా సూచించింది. జీవితంలో కష్టాలు ఎక్కువైనప్పుడు మధ్య పరిధి వాహకులు మిగతావారికంటే ఎక్కువగా దెబ్బతింటారని మరికొన్ని అధ్యయనాలు చూపాయి. రెండూ కలిపి చూస్తే జన్యువూ పరిస్థితులూ ఒకదాన్నొకటి పెంచుకుంటాయన్న వాదనే ఇప్పటికి సబబైనది.

చాలామంది వాహకులకు జీవితాంతం చెప్పుకోదగ్గ గ్రహణ లోపమేదీ రాదన్నది అన్ని పక్షాలూ ఒప్పుకునే సంగతి.

వయసుతో పాటు వచ్చే స్థితులు

ఎఫ్ఎక్స్‌టాస్. ఫ్రాజైల్ ఎక్స్ సంబంధిత వణుకు, తూలుడు సిండ్రోమ్‌కు ఇది సంక్షిప్త నామం. యాభై దాటిన వాహక పురుషుల్లో సుమారు 40 శాతం మందికి వస్తుంది. స్త్రీలలో 8 నుంచి 16 శాతం. సగటున అరవై ఏళ్ల ప్రాంతంలో మొదలవుతుంది. చేయి ఊరికే ఉన్నప్పటికంటే పని చేసేటప్పుడే ఎక్కువ వణుకుతుంది. కాగితం మీద చుట్లుచుట్లుగా గీత గీయమంటే గీత రంపపు పళ్లలా వస్తుంది. మడమకు కాలివేలు ఆనించి గీత మీద నడవమంటే పక్కకు తూలుతాడు. ఎంఆర్ఐలో చిన్నమెదడును మెదడుకాండానికి కలిపే మధ్య తంతువుల్లో తెల్లని మెరుపు చాలా మంది పురుషుల్లో కనిపిస్తుంది. గ్రహణశక్తిలో మొదట పోయేది కార్యనిర్వహణ సామర్థ్యమే. లెక్కలు పెట్టుకోవడం, కోపాన్ని ఆపుకోవడం, మొదలుపెట్టిన పని ముగించడం కష్టమవుతాయి. కొందరిలో ఇది మతిభ్రంశం దాకా వెళుతుంది. పార్కిన్సన్ జబ్బుగానో, వయసు వణుకుగానో పొరబడడం సర్వసాధారణం. యవ్వనంలో కనిపించే సూక్ష్మ లోపాలు దీనికి తొలి మెట్టా, లేక వేరే సంగతా అన్నది ఇంకా పరిశోధనలోనే ఉంది.

ఎఫ్ఎక్స్‌పీఓఐ. ఫ్రాజైల్ ఎక్స్ సంబంధిత ప్రాథమిక అండాశయ లోపానికి ఇది సంక్షిప్త నామం. వాహక స్త్రీలలో సుమారు 20 శాతం మందికి నలభై ఏళ్ల లోపే అండాశయాలు పనిచేయడం ఆగిపోతుంది. సాధారణ జనాభాలో ఇది ఒక శాతం. గర్భం రాకపోవడం, ఎముకలు బలహీనపడడం దీని పర్యవసానాలు. ఈస్ట్రోజెన్ తగ్గుదల నిద్రనూ జ్ఞాపకాన్నీ దెబ్బతీస్తుంది కాబట్టి, ఈ స్త్రీలలో మతిమరుపుకు కారణం వెతికేటప్పుడు హార్మోన్ల స్థితిని తప్పక చూడాలి. రాయలసీమ పల్లెల్లో గర్భసంచి తీసేయించుకున్న స్త్రీల విషయంలో బహిష్టులు సహజంగా ఎప్పుడు ఆగేవో తెలుసుకునే వీలుండదు. కుటుంబ చరిత్ర తీసుకునేవారు ఆపరేషన్‌కు ముందు ముట్లు ఎలా ఉండేవో అడిగి రాసుకోవాలి.

వంశానుగత రీతి, మేనరికం

ప్రీమ్యుటేషన్ ఉన్న తండ్రి దాన్ని కూతుళ్లందరికీ ఇస్తాడు, కొడుకులెవరికీ ఇవ్వడు. తండ్రి నుంచి వచ్చేటప్పుడు అది ప్రీమ్యుటేషన్‌గానే ఉంటుంది. వాహక తల్లి నుంచి ప్రతి బిడ్డకూ, ఆడైనా మగైనా, ఆ ఎక్స్ వచ్చే అవకాశం సగం. వచ్చినప్పుడు అది పెరిగి పూర్తి మ్యుటేషన్ కావచ్చు. 60 లోపు ఉంటే ఆ ముప్పు కొద్దిపాటిది, 100 దాటితే దాదాపు ప్రతిసారీ అలాగే జరుగుతుంది. సీజీజీ వరుస మధ్యలో అక్కడక్కడా ఏజీజీ వస్తే అది వరుసను నిలకడగా ఉంచుతుంది, ముప్పు తగ్గిస్తుంది.

కడప జిల్లాలో మేనరికాలు, అక్క కూతురిని మేనమామకు ఇవ్వడం పాత అలవాటు. పుట్టుకతో వచ్చే జబ్బులన్నిటికీ మేనరికమే కారణమని జనం అనుకోవడమూ ఉంది. మేనరికంతో ముప్పు పెరిగేది తల్లిదండ్రులిద్దరి నుంచీ లోపం వస్తేనే బయటపడే జబ్బులకు. ఫ్రాజైల్ ఎక్స్ అలాంటిది కాదు. ఒక్క తల్లి వాహకురాలైతే చాలు. ‘మేం బయటి సంబంధం చేసుకున్నాం కదా, మాకెందుకు వస్తుంది’ అనే నమ్మకం ఈ జబ్బు విషయంలో నిలవదు.

మేనమామ పెళ్లిని ఉదాహరణగా విప్పి చూడవచ్చు. అవ్వ వాహకురాలు. ఆమె కొడుక్కీ కూతురికీ ప్రీమ్యుటేషన్ వచ్చింది. కూతురి బిడ్డకూ అది దిగింది. ఆ బిడ్డను మేనమామకే ఇచ్చారు. వీరికి పుట్టే కొడుకులకు తండ్రి నుంచి వై క్రోమోజోము మాత్రమే వస్తుంది. కాబట్టి వారి ముప్పు ఆమె బయటివాణ్ణి చేసుకున్నా ఇంతే. కూతుళ్ల సంగతి వేరు. తండ్రి ఎక్స్ ప్రతి కూతురికీ తప్పక వస్తుంది, తల్లి ఎక్స్ కూడా రావచ్చు. అప్పుడు రెండు ఎక్స్‌ల మీదా మార్పు ఉన్న ఆడపిల్ల పుడుతుంది, రెండో ఎక్స్ ఇచ్చే రక్షణ ఆమెకు ఉండదు. మేనరికం ఇక్కడ చేసే కీడు కూతుళ్ల వైపు చేరుతుంది.

వాహకస్థితి తెలిసిన కుటుంబాల్లో దాని బరువు కూడా ఆడవాళ్లమీదే ఎక్కువ పడుతుంది. మనవడి జబ్బుకు కోడలిని నిందిస్తారు. ఆ జన్యువు ఆమెకు వణుకు ఉన్న తండ్రి నుంచే వచ్చి ఉండవచ్చు. ఆమె అక్కచెల్లెళ్లంతా అప్పుడు వాహకులే అవుతారు. పెళ్లికావలసిన చెల్లెలు ఉంటే పరీక్ష మాటే ఎత్తవద్దంటారు. జన్యు సలహాదారులు సమాచారాన్ని ఒక్కొక్కరికీ విడిగా, గోప్యంగా చెప్పడం అందుకే నియమంగా పెట్టుకున్నారు. పెద్దవయసులో రాగల జబ్బు కోసం మైనరు పిల్లలకు పరీక్ష చేయకూడదని, వారు పెద్దయ్యాక స్వయంగా నిర్ణయించుకోవాలన్నది అంతర్జాతీయంగా పాటించే పద్ధతి.

వ్యాప్తి

2014లో ప్రచురితమైన ఒక సమగ్ర విశ్లేషణ ప్రకారం స్త్రీలలో 291 మందికి ఒకరు, పురుషుల్లో 855 మందికి ఒకరు ప్రీమ్యుటేషన్ వాహకులు. పూర్తి మ్యుటేషన్ పురుషుల్లో సుమారు 7,000 మందికి ఒకరికి ఉంటుంది. ఈ లెక్కల్లో ఐరోపా, ఉత్తర అమెరికా జనాభాల వాటా ఎక్కువ. వాటిని కడప జిల్లాకు యథాతథంగా అన్వయించడం సరికాదు.

ఒకే పూర్వీకుడి నుంచి వచ్చిన చిన్న సమాజాల్లో ఈ సంఖ్యలు తారుమారు కాగలవు. కొలంబియాలోని రికౌర్తె అనే ఊళ్లో ఫ్రాజైల్ ఎక్స్ ప్రపంచంలోకెల్లా ఎక్కువగా ఉన్నట్టు తేలింది. దక్షిణాసియాలో అలాంటి మూలపురుష ప్రభావం విస్తృతమని హైదరాబాద్ సీసీఎంబీకి చెందిన కుమారస్వామి తంగరాజ్, హార్వర్డ్‌కు చెందిన డేవిడ్ రైక్ తదితరులు 2017లో చూపారు. 263 సమూహాల్లో 81 సమూహాలకు బలమైన మూలపురుష ప్రభావం ఉంది. ప్రొద్దుటూరు వ్యాపార జీవితంలో ప్రముఖులైన వైశ్యుల్లో బ్యూటిరైల్ కోలినెస్టరేజ్ లోపం ఎక్కువగా ఉండడం, మత్తుమందు ఇచ్చాక కండరాలు చాలాసేపటి వరకు కోలుకోకపోవడం ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణ. ఆ లోపానికీ ఫ్రాజైల్ ఎక్స్‌కూ జన్యుపరంగా సంబంధం లేదు. ఒక్కో సమాజంలో ఒక్కో జన్యువు తరచుదనాన్ని విడిగా లెక్కించాలని మాత్రం అది చెబుతుంది.

నిర్ధారణ, కడప ప్రాంతం

నిర్ధారణకు రక్తం చాలు. ఈడీటీఏ ఉన్న గొట్టంలో తీసిన కొన్ని మిల్లీలీటర్ల రక్తం నుంచి డీఎన్ఏ వేరుచేసి, పీసీఆర్ పద్ధతిలో సీజీజీ సంఖ్య లెక్కిస్తారు. పొడవైన వరుసలకు, మిథైలేషన్ తెలుసుకోవడానికి సదరన్ బ్లాట్ వాడతారు. మామూలు క్రోమోజోము పరీక్ష, అంటే కార్యోటైపు, వాహకులను పట్టదు. ‘జన్యు పరీక్ష చేయించాం, నార్మల్ వచ్చింది’ అని చెప్పే కుటుంబాల్లో ఏ పరీక్ష చేశారో చీటీ తీసి చూడడం అవసరం.

పెండ్లిమర్రి కడపకూ పులివెందులకూ మధ్య ఉన్న మండలం. ఇక్కడి కుటుంబానికి మొదటి పెద్ద ఆసుపత్రి కడపలో 2006లో ఏర్పడిన రిమ్స్. జన్యు వైద్య విభాగాల కోసం హైదరాబాద్ వైపు చూడాలి. పంజాగుట్టలోని నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది. డీఎన్ఏ ఆధారిత వ్యాధి నిర్ధారణకు సీడీఎఫ్‌డీ, బేగంపేటలో ఉస్మానియా విశ్వవిద్యాలయపు జన్యుశాస్త్ర సంస్థ పేరున్నవి. కడప నుంచి హైదరాబాద్ 400 కిలోమీటర్ల దూరం. రక్త నమూనా ప్రయాణం చేయగలదు కాబట్టి, మనిషి వెళ్లాల్సింది సలహా కోసం. ముంబై కేంద్రంగా పనిచేస్తున్న ఫ్రాజైల్ ఎక్స్ సొసైటీ తల్లిదండ్రుల మద్దతు సంఘం.

జిల్లాలో వాహకులను గుర్తించే దారి ఎక్కువగా పిల్లల నుంచే మొదలవుతుంది. 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం అంగన్‌వాడీల్లో, బడుల్లో ఎదుగుదల ఆలస్యాలను గుర్తిస్తుంది. మండలాల్లోని భవిత కేంద్రాలకు ప్రత్యేక అవసరాల పిల్లలు వస్తారు. సదరం శిబిరంలో వైకల్య ధ్రువపత్రం ఇస్తారు. ఆ పత్రంలో శాతం ఉంటుంది, కారణం ఉండనక్కరలేదు. కారణం వెతకకుండా ఫైలు ముగిసిపోతే తల్లి, పిన్నమ్మలు, తాత ఎవరూ గుర్తింపులోకి రారు. కారణం తెలియని మేధో వైకల్యం లేదా ఆటిజం ఉన్న బిడ్డకు ఫ్రాజైల్ ఎక్స్ పరీక్ష చేయాలన్న వైద్య మార్గదర్శకం ఈ లంకె కోసమే. నలభై లోపు ముట్లు ఆగిన స్త్రీకి, యాభై దాటాక కారణం తెలియని వణుకు, తూలుడు కలిసి వచ్చిన వ్యక్తికి కూడా ఇదే పరీక్ష సూచిస్తారు.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో మేధో వైకల్యం, ఆటిజం, నిర్దిష్ట అభ్యసన వైకల్యం, పార్కిన్సన్ జబ్బు ఉన్నాయి. వాహకస్థితి దానంతటదిగా ఆ జాబితాలోకి రాదు. గర్భస్థ దశలో పరీక్షను 1994 నాటి చట్టం ఎక్స్ సంబంధిత జన్యు జబ్బుల విషయంలో, గుర్తింపు పొందిన కేంద్రాల్లో అనుమతిస్తుంది.

సంరక్షణ

ప్రీమ్యుటేషన్‌ను సరిచేసే మందు లేదు. ఎఫ్ఎక్స్‌టాస్‌లో మెమాంటిన్ అనే మందును పరీక్షించిన 2014 నాటి ప్రయోగం వణుకులో గానీ, కార్యనిర్వహణ సామర్థ్యంలో గానీ మెరుగుదల చూపలేదు. లక్షణాలకు విడివిడిగా చికిత్స చేస్తారు. ఆందోళనకు, కుంగుబాటుకు మందులు, మాటల చికిత్స బాగా పనిచేస్తాయి. అవి తగ్గితే ఏకాగ్రత కూడా కొంత తిరిగివస్తుంది. ముందే ముట్లు ఆగిన స్త్రీలకు, వేరే అడ్డంకులు లేకపోతే, సహజంగా ఆగే వయసు దాకా హార్మోన్లు ఇస్తారు. థైరాయిడ్, రక్తహీనత, బీ12 లోపం, నిద్రలేమి వంటి సరిచేయగల కారణాలను ముందు తోసిపుచ్చాలి.

గ్రహణ లోపానికి సర్దుబాట్లే ప్రధానం. ఒకసారి ఒకే పని పెట్టుకోవడం, చేయవలసినవి రాసి గోడకు అంటించడం, ఫోన్‌లో అలారం పెట్టుకోవడం, సంఘం లెక్కలను సమావేశంలో చిత్తుగా రాసుకుని తర్వాత తీరిగ్గా పుస్తకంలోకి ఎక్కించడం ఉపయోగపడతాయి. డాక్టర్లకూ ఇందులో పాత్ర ఉంది. జన్యు సలహా చెప్పేటప్పుడు అంకెలు, శాతాలు గుక్కతిప్పుకోకుండా చెప్పేస్తే, వాటిని మనసులో నిలుపుకోవడమే కష్టమైన వాహక తల్లికి అవి అందవు. ఆమెకు నచ్చిన మరొకరిని వెంట తెచ్చుకోమనడం, వంశవృక్షం గీసి కాగితం చేతికివ్వడం, రెండో విడత కూర్చోబెట్టి మళ్లీ చెప్పడం సరైన పద్ధతి.

సంబంధిత స్థితులు

వాహకుల్లో సూక్ష్మ గ్రహణ లోపాలు ఫ్రాజైల్ ఎక్స్‌కే పరిమితం కావు. ఒర్నిథిన్ ట్రాన్స్‌కార్బమిలేజ్ లోపం కూడా ఎక్స్ సంబంధితమే. దీనిలో శరీరం అమ్మోనియాను వదిలించుకోలేదు. మామూలుగా కనిపించే వాహక స్త్రీలలోనూ సన్నని చేతిపనులు, కార్యనిర్వహణ సామర్థ్యం కొంత తగ్గుతాయని 2004లో వచ్చిన అధ్యయనం చూపింది. ప్రసవం తర్వాత, తీవ్ర ఉపవాసాల్లో వీరికి అమ్మోనియా ఒక్కసారిగా పెరిగి ప్రాణాపాయం కలగవచ్చు. డుషెన్ కండర క్షీణత వాహక స్త్రీల మీద వచ్చిన అధ్యయనాల్లోనూ కొందరిలో గ్రహణ ఇబ్బందులు నమోదయ్యాయి. గోషే జబ్బుకు కారణమైన జీబీఏ జన్యువులో ఒక ప్రతి మాత్రమే మారినవారికి పార్కిన్సన్ ముప్పు, దానితో పాటు వచ్చే గ్రహణ క్షీణత ముప్పు ఎక్కువ. (చూడండి: ఎక్స్ సంబంధిత వంశానుగతి, జన్యు సలహా, మేనరికం, ఆటిజం, అకాల అండాశయ వైఫల్యం.)